తూటా తగిలినా సొట్టపడని ఉక్కు పలకలు

మెత్తని రేకు వాడితే కాల్చినవారికే ముప్పు

ఏ.ఎస్. రావు నగర్: తుపాకి కాల్చడం నేర్చుకునేవారికి గురిపలక కావాలి. కాగితపు పలకైతే చిల్లు ఎక్కడ పడిందో దగ్గరకు వెళ్లి చూసుకోవాలి. ఉక్కు పలకైతే తూటా తగలగానే ఖంగుమని మోగుతుంది. రంగు పూసి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. అమెరికాలో ఈ పలకల తయారీ, అమ్మకం పెద్ద వ్యాపారం. మన దేశంలో తుపాకి ఉంచుకోవాలంటే 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. అందువల్ల ఇలాంటి సరుకుకు ఇక్కడ పోలీసు, సైనిక శిక్షణ సంస్థలు, రైఫిల్ క్లబ్బులే ముఖ్యమైన గిరాకీ.

పైకి చూస్తే ఇది ఇనుప రేకు కోసి అమ్మినంత సులువుగా కనిపిస్తుంది. కాని పలక మెత్తనిదైతే ప్రాణం మీదికి వస్తుంది.

మెత్తని ఇనుముతో ముప్పు

గట్టిగా, నున్నగా ఉన్న పలకకు తగిలిన తూటా తునకలై, పలక ముఖం వెంబడి పక్కలకు చిమ్ముతుంది. మామూలు ఇనుముకు తగిలితే గుంట పడుతుంది. ఆ గుంటలో పడిన తర్వాతి తూటా తునకలు కాల్చినవారి వైపే తిరిగి రావచ్చు. కంటికి తగిలితే చూపు పోతుంది. అందుకే బ్రినెల్ కొలతలో 500 గట్టితనం ఉన్న ఉక్కును వాడతారు. గేట్లకు వాడే మామూలు ఇనుము ఇదే కొలతలో సుమారు 120 మాత్రమే.

పలకను కొద్దిగా ముందుకు వంచి వేలాడదీస్తే తునకలు నేలలోకి పోతాయి. రైఫిల్‌తో కాల్చేవారు కనీసం 100 గజాల దూరంలో, పిస్తోలుతో కాల్చేవారు కనీసం 10 గజాల దూరంలో ఉండాలి. కంటికి రక్షణ అద్దాలు తప్పనిసరి.

కోతలోనే ఉంది కిటుకు

కమ్మరి నాగటి కర్రును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి గట్టిపరచడం పల్లెల్లో అందరూ ఎరిగినదే. ఈ ఉక్కును కూడా మిల్లులో కాల్చి, వెంటనే చల్లార్చి గట్టిపరుస్తారు. మళ్లీ ఎక్కువ వేడి తగిలితే ఆ గట్టితనం పోతుంది. గ్యాస్ కటింగుతో కోస్తే అంచుల వెంట ఉక్కు మెత్తబడుతుంది. లేజరుతో కోస్తే ఆ నష్టం చాలా తక్కువ. అధిక ఒత్తిడి నీటిధారతో కోస్తే దాదాపు ఉండదు. పలకకు వెల్డింగు పెట్టకూడదు. కోసేటప్పుడే రంధ్రాలు వేసి బోల్టులతో బిగించాలి. స్టాండును మాత్రం మామూలు ఇనుముతో వెల్డింగు చేసుకోవచ్చు.

ఇలాంటి పనికి కావలసిన యంత్రాలు, పనివారు ఏ.ఎస్. రావు నగర్ చుట్టుపక్కల ఉన్నారు. ఈ కాలనీకి పేరు వచ్చిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించారు. 1967లో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్.ను నిలబెట్టిన శాస్త్రవేత్త ఆయన. ఆ సంస్థ నీడలో కుషాయిగూడ, చర్లపల్లి ప్రాంతాల్లో లేత్, వెల్డింగ్, కటింగ్ షాపులు పెరిగాయి. నగరానికి మరో వైపున కంచన్‌బాగ్‌లో 1973లో స్థాపించిన మిధాని ప్రత్యేక లోహాలతో పాటు రక్షణ కవచాలు కూడా తయారు చేస్తోంది.

ఉక్కును దూరదేశాలకు అమ్మడం ఈ గడ్డకు కొత్త కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కు కోసం 19వ శతాబ్దంలో పర్షియా వర్తకులు వచ్చేవారు.

రవాణాలో బరువే కష్టం

30 సెంటీమీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందం గల గుండ్రని పలక సుమారు ఐదున్నర కిలోలు తూగుతుంది. 45 సెంటీమీటర్ల వెడల్పు, 75 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న పలకైతే 26 కిలోలు దాటుతుంది. ఉత్త అట్టపెట్టెలో పెడితే దారిలో మూలలు చించుకుని బయటపడుతుంది. కాబట్టి తుప్పు పట్టకుండా నూనె రాసి, కదలకుండా బిగించి, చెక్కపెట్టెలో పంపడం మంచిది. విదేశాలకు పంపే చెక్కపెట్టెల విషయంలో మరో నిబంధన ఉంది. పురుగు చావడానికి చెక్కను లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచి, ముద్ర వేయించాలి. హైదరాబాదుకు ఓడరేవు లేదు. సనత్‌నగర్‌లోని కంటైనర్ డిపో నుంచి సరుకు రైలులో రేవుకు చేరుతుంది. ప్రభుత్వ శాఖలకు అమ్మదలచినవారికి 2016లో మొదలైన ‘జెమ్’ కొనుగోలు వేదిక ఉంది.

ఐ.టి.ఐ. చదివి ఇలాంటి షాపుల్లో చేరే పల్లె యువకులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. రంగు పూశాక మెత్తని ఇనుము, గట్టి ఉక్కు కంటికి ఒక్కలాగే కనిపిస్తాయి. తేడా చెప్పేది మిల్లు ఇచ్చే పరీక్ష సర్టిఫికెట్టే. అందులో గట్టితనం కొలత రాసి ఉంటుంది. సర్టిఫికెట్టులోని నంబరు, రేకు మీద కొట్టిన నంబరు ఒకటే అయి ఉండాలి. ఆ కాగితం లేని రేకును ఎంత చౌకగా ఇచ్చినా ఈ పనికి తీసుకోకూడదు.