కొలువు వేరు, నెలవు వేరు

పరదేశమున కొలువు సంపాదించుట యొక మెట్టు. ఆ దేశమున నిలుచుటకు హక్కు సంపాదించుట మరియొక మెట్టు. మొదటి మెట్టు ఎక్కినవాడు రెండవదియు ఎక్కినట్లేయని మన విద్యార్థులును, వారి తలిదండ్రులును తలచుట కద్దు. ఈ రెండింటి నడుమ నెంత దూరమున్నదో తెలిసికొనుటకు దూరదేశముల చరిత్రలు తిరుగవేయ నక్కరలేదు. హైదరాబాదు నగరమందలి మలక్‌పేట చరిత్రయే చాలును.

మలక్‌పేటలో ఆస్మాన్‌గఢ్ మిట్టమీద సుమారు 23 అడుగుల యెత్తుగల రాతిస్తంభ మొకటి నిలిచియున్నది. అది ఫ్రెంచి సేనాని రేమండు సమాధి. 1755లో ఫ్రాన్సు దేశమున పుట్టిన యీతడు 1775లో పుదుచ్చేరికి వచ్చి, తరువాత నిజాం అలీఖాను కొలువులో చేరెను. ఫిరంగులు పోతపోయు కర్మాగారమును నెలకొల్పెను; నేటి గన్‌ఫౌండ్రీ పేరు దానినుండి వచ్చినదే. ఆతని క్రింద నుండిన దండు సుమారు 14,000 మందికి పెరిగెను. ప్రజ లాతనిని ఎంతగా తమవానిగా చేసికొనిరనగా, హిందువులు ‘మూసారాం’ అనియు, ముస్లిములు ‘మూసా రహీం’ అనియు పిలిచిరి. మూసారాంబాగు పేరున ఆ పిలుపు నేటికిని నిలిచియున్నది.

కాని ఆతని కొలువునకు పునాది ప్రభువు అనుగ్రహమొక్కటే. 1798 మార్చిలో రేమండు మరణించెను. అదే సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన నిజామునకును, ఈస్టిండియా కంపెనీకిని సంధి కుదిరెను. అక్టోబరులో ఫ్రెంచి దండు ఆయుధములు దింపవలసివచ్చెను; దాని ఫ్రెంచి అధికారులు ఇంగ్లీషువారి చేతబడిరి. వారు కొలువున చేసిన తప్పేమియు లేదు. ఇద్దరు ప్రభువుల నడుమ కాగితము మారినది. దానితో వారి బ్రతుకును మారినది. అనుగ్రహము హక్కు కాదనుట కింతకంటె నిదర్శన మేమి కావలెను?

తరువాతి కాలమున ఇదే హైదరాబాదు సంస్థానము వచ్చినవాడు ఎప్పుడు ఇచటివా డగునను ప్రశ్నకు చట్టముచే సమాధానము చెప్పెను. అవియే 1919 నాటి ముల్కీ నిబంధనలు. బయటినుండి వచ్చినవాడు 15 ఏండ్లు ఇచట స్థిరముగా నివసించి, స్వస్థలమునకు మరలిపోవు తలంపు విడిచితినని మేజిస్ట్రేటు ఎదుట ప్రమాణపత్ర మిచ్చినగాని ముల్కీ కాజాలడు. ముల్కీ కానివానికి సర్కారు కొలువు సామాన్యముగా లభింపదు. రేమండు విషయమున కొలువు ముందు. ముల్కీ విషయమున నివాసము ముందు, కొలువు తరువాత. ఈ నిబంధనలు చెల్లునని 1972లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 1973లో పార్లమెంటు వానిని రద్దు గావించెను.

నేడు మనవారు పోవు దేశములును ఈ రెండింటిని వేరువేరుగానే చూచుచున్నవి. గల్ఫు దేశములలో నివాసానుమతి సాధారణముగా కొలువునకు కట్టుబడి యుండును; కొలువు పోయిన అనుమతియు పోవును. యజమాని కట్టడిని కతారు 2020లోను, సౌదీ అరేబియా 2021లోను కొంత సడలించిన మాట నిజమే. అయినను అచట ఎన్ని యేండ్లు పనిచేసినను, ఆ యేండ్లు వాటంతటవే శాశ్వతనివాసపు హక్కుగా మారవు.

అమెరికాలో హెచ్-1బి వీసా 3 ఏండ్లకు ఇయ్యబడును; పొడిగింపుతో సామాన్యముగా 6 ఏండ్లే పరిమితి. ఏటేటి సంఖ్య 65,000; అచటి విశ్వవిద్యాలయములలో ఉన్నత పట్టము పొందినవారికి మరి 20,000. కొలువు పోయినచో 60 దినములలోపల మరియొక యజమానిని వెదకికొనవలెను, లేక వేరొక త్రోవ చూచుకొనవలెను. గ్రీన్‌కార్డు దీనికి భిన్నమైనది. ఒక్కొక్క దేశమువారికి ఏటేట నూటికి 7 వంతులకు మించి లభింపకుండుటచే భారతీయుల వరుస మిక్కిలి పొడవైనది.

వేరొక మార్గమును కలదు. కెనడా 1967లో వయస్సు, చదువు, భాష, అనుభవము మున్నగువానికి మార్కులు వేసి స్థిరనివాస మొసగు పద్ధతిని ప్రారంభించెను. జర్మనీలో బ్లూకార్డు పొంది పనిచేయువాడు ఆ దేశభాష ప్రాథమికముగ నేర్చినచో 27 మాసములకు, మరికొంత ప్రావీణ్యము గడించినచో 21 మాసములకు స్థిరనివాసమునకు అర్హుడు కాగలడు. అనగా భాషాభ్యాసమునకు అచట ఆరు మాసముల విలువ కట్టబడినదన్నమాట!

ఇన్ని దారులున్నను కొందరు దళారీల మాట నమ్మి సందర్శకుల వీసాతో పోయి పనిలో చేరుచున్నారు. సందర్శకుని వీసా పనికి అనుమతి కాదు. అట్లు పోయినవానికి జీతము ఎగవేసినను న్యాయస్థానమున నోరెత్తుటకు భయమే. 1983 నాటి మన వలసల చట్టము ప్రకారము విదేశములకు కూలి పనివారిని పంపువాడు కేంద్రప్రభుత్వము నుండి అనుమతిపత్రము పొందియుండవలెను. వాడు తీసికొనదగిన రుసుము 30,000 రూపాయలకును, దానిపై పన్నునకును మించరాదు.

ఆ చట్టమున ఉపాధ్యాయులు గమనింపదగిన విశేష మొకటి కలదు. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫు దేశములు మున్నగు 18 దేశములకు పనికై పోవునపుడు, వలసల సంరక్షకాధికారి ఒప్పందపత్రమును పరిశీలించి అనుమతింపవలెను. పది ప్యాసైనవానికి ఈ పరిశీలన లేదు. చదువుకొన్నవాడు తన పత్రమును తానే చదువుకొనగలడని ప్రభుత్వపు విశ్వాసము కాబోలు. ఆ విశ్వాసము నిజము కావలెనన్నచో జీతమెంత, పనివేళ లెన్ని, పాస్‌పోర్టు ఎవరి చేతనుండును, కొలువు పోయిన నెన్నినాళ్లు నిలువవచ్చును అను నాలుగు ప్రశ్నలను ఒప్పందపత్రముపై సంతకమునకు ముందే అడుగుట విద్యార్థికి తరగతిగదిలోనే అలవడవలెను. పరీక్షాధికారు లడుగని ప్రశ్నలివి. కాని విమానమెక్కినవానికి వీని జవాబులే బ్రతుకు.