వేరుశనగ బూజు విషము - మన ఆహారము - మన కాలేయము

హైదరాబాదు పాతబస్తీలో పెండ్లి విందులకు మిర్చీ కా సాలన్, బగారా బైంగన్ తప్పక వండుదురు. ఈ రెండింటికిని వేయించి నూరిన వేరుశనగ పప్పే రుచి. ఆ పప్పు చార్మినారు వద్ద దుకాణమునకు చేరకముందు రైతు కళ్లములో ఎట్లు ఆరినదో, దానిపై తినువారి ఆరోగ్యము ఆధారపడి యుండును.

సరిగా ఆరని కాయలలో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అను ఆకుపచ్చని బూజు పెరిగి అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోగా, వాటికి మేపిన వేరుశనగ చెక్కలో ఈ విషము బయటపడినది. ఇది మనుష్యులకు కాన్సరు కలిగించునని అంతర్జాతీయ కాన్సరు పరిశోధనా సంస్థ 1987లో నిర్ణయించినది. హెపటైటిస్-బి సోకిన వారికి అపాయము మరియు హెచ్చు.

అయితే ఈ విషము ఉన్నది ఉన్నట్లుగా కాన్సరు కలిగింపదు. కాలేయములోని ఎంజైములు దానిని బయటకు పంపుటకై మార్చునపుడు, మధ్యలో మొదటి విషము కంటె చురుకైన పదార్థ మొకటి పుట్టును. అది జీవకణములోని డి.ఎన్.ఎ.కు అంటుకొనిన యెడల కాన్సరుకు నాంది యగును. గ్లూటాథయోన్ అను పదార్థము ముందుగా దానిని పట్టుకొనిన యెడల, అది పిత్తముతోను మూత్రముతోను వెడలిపోవును. కాలువ నీరు రెండు బోదెలుగా చీలినట్లే యిదియును. ఏ బోదెకు ఎంత పారునో కొంతవరకు మన ఆహారము నిర్ణయించును.

దీనిని తెలిపిన ప్రయోగము మన నగరములోనే జరిగినది. 1958లో కూనూరు నుండి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయమే నేటి జాతీయ పోషకాహార సంస్థ. అచ్చట టి. వి. మాధవన్, సి. గోపాలన్ గార్లు ఎలుకలకు అఫ్లటాక్సిన్ ఇచ్చి, కొన్నింటికి 20 శాతము, కొన్నింటికి 5 శాతము మాంసకృత్తులు గల మేత పెట్టిరి. 1968లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, 20 శాతము మేత తిన్న వాటిలో కాలేయపు కంతులు పుట్టినవి. 5 శాతము మేత తిన్న వాటిలో పుట్టలేదు. మాంసకృత్తులు తగ్గినపుడు, విషమును చురుకుపరచు ఎంజైములు మందగించుటయే ఇందుకు ముఖ్య కారణమని తరువాతి పరిశోధనలు చూపినవి.

అట్లయిన పప్పు, పాలు, గ్రుడ్లు మానవలెనా? ఎంతమాత్రము కాదు. వారే 1965లో ప్రకటించిన మరొక ప్రయోగములో, మాంసకృత్తులు చాలని ఎలుక పిల్లలకే కాలేయము ఎక్కువగా దెబ్బతిన్నది. పస్తు మందు కాజాలదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామములలో బూజుపట్టిన మొక్కజొన్న తిని నూరుమందికి పైగా కామెర్లతో మరణించిరి. తిండికి వేరు ధాన్యము లేని పేదలే వారు.

పసుపు మాట యేమి? ఈ సంస్థవారే 1992లో, పొగత్రాగు 16 మందికి దినమునకు ఒకటిన్నర గ్రాముల చొప్పున 30 దినములు పసుపు ఇచ్చి చూడగా, వారి మూత్రములో జన్యువులకు హాని చేయు పదార్థములు తగ్గినవి. ఇది మంచి సూచనయే. కాని చిటికెడు పసుపు వేసినంత మాత్రమున బూజు పప్పు మంచి పప్పు కానేరదు. వేయించినను ఈ విషము పూర్తిగా నశింపదు.

కనుక విషము లోనికి పోకుండ చూచుటయే మేలు. రైతు సోదరులు ఈ క్రింది విషయములు గమనింపవలెను:

1. పంట చివరి దశలో బెట్ట తగులకుండ వీలైనంతవరకు తడి ఇవ్వవలెను.
2. పీకిన మొక్కలను కాయలు పైకి ఉండునట్లు పరచి ఎండబెట్టవలెను.
3. కాయలలో తేమ 8 శాతమునకు దిగిన పిమ్మటనే గోనెలకెత్తి, చెక్కలపై నిలువ చేయవలెను.
4. ఒలుచుటకు ముందు కాయలపై నీరు చల్లరాదు.
5. ముడుచుకొనిన, రంగు మారిన, బూజు పట్టిన పప్పును ఏరి పారవేయవలెను. పాడి పశువులకు పెట్టరాదు. విషము పాలలోనికి దిగును.

మంచి పప్పు అంగడికి, నల్లబడిన పప్పు ఇంటి పచ్చడికి అను అలవాటు కొన్ని ఇండ్లలో కలదు. ఆ పచ్చడి తినునది మన పిల్లలే. అమ్మరాని పప్పు తినుటకును తగదు.