విజిల్ వాళ్లది... బెంచ్ మనది!

రెఫరీ ముంచాడా? బెంచ్ మీది కుర్రాడు ఒడ్డున పడేశాడా? సికింద్రాబాద్ ఫుట్‌బాల్ అభిమానుల మధ్య ఎప్పటికీ తెగని వాదనలు ఈ రెండే. ఎటు నుంచి లాగినా రెండూ మన మైదానాల దగ్గరికే వచ్చి ఆగుతాయి.

2024 జూన్ 11. దోహాలో ప్రపంచకప్ క్వాలిఫయింగ్ రెండో రౌండ్ ఆఖరి మ్యాచ్. ఖతార్ అప్పటికే తర్వాతి రౌండ్‌కు చేరిపోయింది. ఇండియా గెలిస్తే చాలు, చరిత్రలో మొదటిసారి మూడో రౌండ్ గడప తొక్కుతుంది. 37వ నిమిషంలో లాలియన్‌జువాలా ఛాంగ్తే గోల్ కొట్టాడు. రెండో సగం సగానికి వచ్చినా స్కోరు 1-0 దగ్గరే ఉంది.

73వ నిమిషంలో ఖతార్‌కు ఫ్రీకిక్ దొరికింది. యూసుఫ్ అయ్‌మెన్ తలతో కొట్టిన బంతిని మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు ఆపాడు గానీ అది చేతికి చిక్కలేదు. మెల్లగా దొర్లుకుంటూ పోస్టు పక్కనుంచి గీత దాటింది. దాటిన బంతిని అల్ హష్మీ అల్ హుస్సేన్ కాలితో వెనక్కి లాగాడు, అయ్‌మెన్ వలలోకి నెట్టాడు. బంతి బయటికి పోయిందన్న ధీమాతో మనవాళ్లు ఆగిపోయారు. దక్షిణ కొరియా రెఫరీ కిమ్ వూ సుంగ్ మాత్రం గోల్ ఇచ్చేశాడు. ఆ రౌండ్‌లో వీడియో రెఫరీ లేడు. ఎంత మొత్తుకున్నా వినే నాథుడు లేడు. 85వ నిమిషంలో అహ్మద్ అల్ రావి రెండో గోల్ కొట్టాడు. 2-1తో కథ ముగిసింది. ఆ రాత్రే అఫ్ఘానిస్తాన్‌ను 1-0తో ఓడించి కువైట్ ముందుకు వెళ్లిపోయింది. విచారణ జరపాలని మన ఫుట్‌బాల్ సమాఖ్య కోరింది. ఫలితం మాత్రం మారలేదు.

ఆ గోల్ మాట ఎత్తితే సికింద్రాబాద్‌లో ఇప్పటికీ చాయ్ చల్లారిపోతుంది. స్టేషన్ చుట్టుపక్కల ఇరానీ హోటళ్లలో, జింఖానా గ్రౌండ్ గోడ పక్కన, బొల్లారం వైపు వెళ్లే బస్సుల్లో ఈ వాదన ఇంచుమించు ఒకే తీరుగా సాగుతుంది.

“బాల్ లైన్ దాటింది అన్నా. కండ్లున్నోనికి ఎవ్వనికైనా కనవడ్తది.”

“దాటింది, కాదన్న? గంతకుముందు మనోళ్లు ఇంకో గోల్ ఎందుకు కొట్టలే? ఒంటి గోలు మీద ఎంతసేపు కూసుంటం?”

“అంటే రెఫరీది తప్పు లేదంటవా?”

“తప్పు ఆనిదే. ఓడింది మనం.”

ఈ చివరి మాట దగ్గర గొంతులు లేస్తాయి. మొదటివాడికి కావలసింది న్యాయం, రెండోవాడికి కావలసింది జట్టు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఆ రెండు నిజాలనూ కలిపి చూడాలంటే దోహా నుంచి అరవై రెండేళ్లు వెనక్కి, జకార్తా దాకా వెళ్లాలి. అక్కడ గోల్‌పోస్టుల మధ్య నిలబడింది సికింద్రాబాద్ ఆటగాడే.

జ్వరం నుంచి లేచి ఫైనల్‌కు

పీటర్ తంగరాజ్ ఆట మొదలుపెట్టింది సికింద్రాబాద్‌లోని మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బుల్లో. 1953లో సైన్యంలో చేరి మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టుకు ఆడాడు. మొదట్లో సెంటర్ ఫార్వర్డ్. గోల్ కొట్టాల్సినవాడు గోల్ కాచేవాడయ్యాడు. ఆరడుగులు దాటిన మనిషి, ఎత్తున వచ్చే బంతి మీద తిరుగులేని పట్టు. ఆ జట్టు 1955లోనూ 1958లోనూ డ్యూరాండ్ కప్ గెలిచింది. తంగరాజ్ 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ జట్లలో ఉన్నాడు. 1967లో అర్జున అవార్డు అందుకున్నాడు.

1962 జకార్తా ఆసియా క్రీడలకు జట్టును తీసుకెళ్లిన కోచ్ హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో దెబ్బ తగిలింది. దానికి తోడు ఫ్లూతో తంగరాజ్ మంచం పట్టాడు. అప్పుడు గోల్‌లోకి వచ్చినవాడు బెంగాల్ కుర్రాడు ప్రద్యుత్ బర్మన్. జట్టు థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో ఓడించి ఫైనల్ చేరింది.

ఫైనల్లో ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియానే. రహీం సాబ్ ముందున్న చిక్కుముడి ఇది: జట్టును ఇంతదాకా తెచ్చిన బర్మన్‌నే ఉంచాలా, జ్వరం నుంచి ఇప్పుడిప్పుడే లేచిన తంగరాజ్‌ను దింపాలా? ఇవాళైతే ఈ ఒక్క ప్రశ్న మీద టీవీల్లో మూడు రోజులు చర్చ పెట్టేవాళ్లు. గెలుస్తున్న జట్టును కదపొద్దని సగం మంది, పెద్ద మ్యాచ్‌కు పెద్ద ఆటగాడే కావాలని మిగతా సగం. రహీం తంగరాజ్ వైపే మొగ్గారు.

మార్పు అక్కడితో ఆగలేదు. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి ఆరు కుట్లు పడ్డాయి. అప్పట్లో మ్యాచ్ మధ్యలో ఆటగాడిని మార్చుకునే వెసులుబాటు లేదు. దిగినవాడే ఆఖరిదాకా ఆడాలి. ప్రపంచకప్‌లో సబ్‌స్టిట్యూట్లు వచ్చింది 1970లోనే. గాయపడ్డ డిఫెండర్‌ను పక్కన కూర్చోబెట్టడానికి మనసొప్పని రహీం అతణ్ని ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. సెమీస్‌లో గోల్ కొట్టిన జర్నైల్ ఫైనల్లోనూ కొట్టాడు.

సెప్టెంబర్ 4. లక్ష మంది జనం, అందులో ఎక్కువమంది మనకు ఎదురు. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వకపోవడాన్ని మన ప్రతినిధి జి.డి. సోంధీ తప్పుపట్టారని జకార్తా అప్పటికే రగులుతోంది. ఆ ఈలలు, కేకల మధ్యే 17వ నిమిషంలో పీకే బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ గోల్స్ చేశారు. ఆట చివర్లో కొరియా ఒకటి కొట్టినా, తంగరాజ్ రెండోది పోనివ్వలేదు. 2-1. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఇండియాకు అదే చివరి స్వర్ణం. ఆ జట్టులోనే సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు.

ఈ కథ చెప్పేటప్పుడు తంగరాజ్‌కు చప్పట్లు కొట్టి బర్మన్‌ను మరిచిపోతాం. మధ్య మ్యాచ్‌ల్లో ఆయన నిలబడకపోతే తంగరాజ్ తిరిగి వచ్చేసరికి ఫైనల్ ఎక్కడిది? జట్టు బలాన్ని మొదటి గోల్‌కీపర్‌ను చూసి కొలవకూడదు, రెండో గోల్‌కీపర్‌ను చూసి కొలవాలి.

రెండుసార్లు ఆపిన పెనాల్టీ

ఇక మన కాలానికి వద్దాం. 2022 మార్చి 20, గోవాలోని ఫటోర్డా స్టేడియం. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్లో హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్ తలపడ్డాయి. కరోనా ఆంక్షల తర్వాత స్టేడియంలోకి మళ్లీ జనాన్ని రానిచ్చిన మ్యాచ్ అది. గ్యాలరీల్లో కేరళ వాళ్లదే మోత. 68వ నిమిషంలో రాహుల్ కేపీ గోల్‌తో కేరళ ముందుకెళ్లింది. ఆ సీజన్లో 18 గోల్స్ కొట్టిన ఒగ్బెచె ఉన్నా హైదరాబాద్‌కు దారి దొరకలేదు.

88వ నిమిషంలో, బెంచ్ మీంచి వచ్చిన సాహిల్ తవోరా దగ్గరికి పెనాల్టీ బాక్స్ వెలుపల బంతి వచ్చి పడింది. ఆపుకోలేదు, వచ్చింది వచ్చినట్టే కొట్టాడు. 1-1. ఆ ఏడాది హైదరాబాద్‌లో తవోరా పేరు తెలిసినవాళ్లు ఎంతమంది? మ్యాచ్‌ను బతికించింది మాత్రం అతనే. కోచ్ మాన్యుయెల్ మార్కెజ్ శిక్షణ గురించి ఎంత చెప్పుకున్నా, ఆ రాత్రి తేల్చింది ఆయన బెంచ్.

తర్వాత పెనాల్టీ షూటౌట్. హైదరాబాద్ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మొదట లెస్కోవిచ్ కిక్‌ను ఆపాడు. తర్వాత నిషు కుమార్‌ది కూడా ఆపాడు. కానీ కట్టిమణి గీత వదిలి ముందే కదిలాడని రెఫరీ మళ్లీ కొట్టించాడు. నిషు రెండోసారి కొట్టాడు. కట్టిమణి మళ్లీ ఆపాడు! జీక్సన్ సింగ్ కిక్‌ను కూడా ఆపేశాక, హాలీచరణ్ నర్జారీ చివరి కిక్‌ను వలలో వేశాడు. 3-1తో కప్పు హైదరాబాద్‌ది.

ఆ రీటేక్‌ను రెండోసారి ఆపలేకపోయి ఉంటే ఏమయ్యేది? హైదరాబాద్ అభిమానులు ఇవాళ్టికీ ఆ రెఫరీని తిట్టుకుంటూ ఉండేవాళ్లు. ఆపేశాడు కాబట్టి అది ఇప్పుడు నవ్వుకుంటూ చెప్పుకునే కథైంది.

ఏది అవుట్? ఏది గోల్?

• బంతి మొత్తం, గీత మొత్తాన్ని దాటితేనే అవుట్. నేల మీదైనా గాలిలోనైనా రూలు ఒకటే. ఇంచు బంతి గీత పైన ఉన్నా ఆట నడుస్తున్నట్టే.

• పెనాల్టీ కొట్టే క్షణంలో గోల్‌కీపర్ ఒక పాదంలో కొంతైనా గీత మీదో, గీత వెనకో ఉండాలి. ముందే కదిలి కిక్ ఆపితే మళ్లీ కొట్టిస్తారు.

• వీడియో రెఫరీ పద్ధతి 2018లో ఫుట్‌బాల్ నియమాల్లోకి వచ్చింది. వాడాలా వద్దా అన్నది టోర్నీ నిర్వాహకుల ఇష్టం.

అలిగితే దక్కేది జరిమానా

రెఫరీ మీద కోపం ఎక్కడిదాకా పోగలదో 2023 మార్చి 3న బెంగళూరు కంఠీరవ స్టేడియం చూపించింది. ఐఎస్ఎల్ నాకౌట్ మ్యాచ్ అదనపు సమయంలో, 96వ నిమిషంలో, కేరళ బ్లాస్టర్స్ గోడ కట్టుకోకముందే బెంగళూరు ఆటగాడు సునీల్ ఛెత్రి ఫ్రీకిక్‌ను వలలోకి తోశాడు. రెఫరీ క్రిస్టల్ జాన్ గోల్ ఇచ్చాడు. కేరళ కోచ్ ఇవాన్ వుకోమనోవిచ్ జట్టును వెనక్కి పిలిచేశాడు. ఆట అక్కడే ఆగిపోయింది, బెంగళూరు సెమీస్‌కు వెళ్లింది. కేరళ క్లబ్బుకు 4 కోట్ల రూపాయల జరిమానా పడింది. కోచ్‌పై 10 మ్యాచ్‌ల నిషేధం.

సికింద్రాబాద్ అభిమానుల్లో ఆ రోజు కూడా రెండు వర్గాలే. “గోడ కట్టనీయకుండ కొట్టుడేంది?” అని కొందరు. “ఆట నడుస్తుంటే అట్ల పోతరా?” అని మరికొందరు. రెండో వర్గం మాట చేదుగా ఉన్నా అదే నిజం. రెఫరీ నిర్ణయం అన్యాయమైనా, మిగతా ఇరవై నాలుగు నిమిషాలు ఆడగలిగిన జట్టుకే తిరిగి గెలిచే దారి ఉంటుంది. ఆ ఇరవై నాలుగు నిమిషాలు ఆడే ఓపిక, పదకొండు మందితో పాటు బెంచ్ మీదున్న వాళ్ల కాళ్లలోనూ ఉండాలి.

ఒకే మైదానంలో రెండు పంటలు

రహీం సాబ్ కాలంలో బెంచ్ ఎక్కడ తయారైంది? 1806లో వెలిసిన కంటోన్మెంట్ సికింద్రాబాద్‌కు బంతినీ మైదానాలనూ ఇచ్చింది. ఆ మైదానాల చుట్టూ క్లబ్బులు మొలిచాయి. ఒకే వాడలో రెండు జట్లు, వాటి మధ్య పట్టుదల. బలరాం లాంటి పేద కుర్రాళ్లు అమ్ముగూడ నుంచి సైకిళ్ల మీద శిక్షణకు వెళ్లేవాళ్లు. ఆ సైకిల్ అద్దె కూడా రహీమే ఇచ్చేవారని చెప్పుకుంటారు. డ్రిబ్లింగ్ చేయకుండా ఆడే టోర్నీలు, బలహీనమైన కాలితోనే కొట్టాల్సిన పోటీలు పెట్టించిన మనిషి ఆయన. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ తర్వాత హైదరాబాద్ రెండేళ్లు వరుసగా సంతోష్ ట్రోఫీ తెచ్చింది. 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన భారత జట్టులో మన ఊరి పేర్లు వరుసగా కనిపిస్తాయి. ఒకరు జ్వరంతో పడుకుంటే అందుకోవడానికి ఇంకొకరు ఉండేవాళ్లు.

వాదనల్లో ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. ఆ మైదానాలే రెఫరీలనూ పెంచాయి. రెఫరీ పుస్తకం చదివి తయారుకాడు. అండర్-13 మ్యాచ్‌లో తల్లిదండ్రుల తిట్లు తిని, జిల్లా మ్యాచ్‌లో కెప్టెన్ల వాదన విని, పరుగెడుతూనే గీతను చూడడం నేర్చుకుంటాడు. రెండో గోల్‌కీపర్‌కు కావలసింది వారం వారం మ్యాచ్. కొత్త రెఫరీకి కావలసిందీ అదే. లీగ్ నడవని ఊళ్లో ఈ ఇద్దరూ దొరకరు. దొరికినా ఇద్దరూ పెద్ద మ్యాచ్‌లోనే మొదటిసారి పరీక్ష రాయాల్సి వస్తుంది.

ఇప్పుడు మన దగ్గర ఉన్నదేమిటి? హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయ్యింది. శ్రీనిధి డెక్కన్ ఇక్కడే ఉంది. 2024 డిసెంబర్ 31న గచ్చిబౌలిలో సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. ఆఖరి క్షణాల్లో రోబి హన్స్‌దా గోల్‌తో కేరళను బెంగాల్ 1-0తో ఓడించింది. వేదిక మనదే గానీ ఫైనలిస్టులు మనవాళ్లు కారు. ఆడే పిల్లలు లేరని మాత్రం అనకండి. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ జాతీయ జట్టుకు ఆడుతోంది. కొదవ ఆటగాళ్లది కాదు, మ్యాచ్‌లది.

అందుకే దోహా గోల్ మీద పోట్లాడండి, అందులో తప్పేమీ లేదు. బంతి గీత దాటిందన్నవాడి మాట నిజం, ఒంటి గోల్ మీద కూర్చున్నామన్నవాడి మాట కూడా నిజం. ఆ వేడిలోనే జిల్లా సంఘాన్ని ఒక ప్రశ్న కూడా అడగండి: ఈ ఏడాది లీగ్‌లో ఎన్ని మ్యాచ్‌లు పెడుతున్నారు? ఆదివారం జింఖానాలో పిల్లల మ్యాచ్ కనిపిస్తే రెండో గోల్‌కీపర్‌కు ఒక సగం ఇవ్వమని కోచ్‌కు చెప్పండి. విజిల్ పట్టుకున్న కుర్రాడు ఆఫ్‌సైడ్ తప్పుగా ఇస్తే తిట్టకండి. మ్యాచ్ అయ్యాక పిలిచి ఎక్కడ నిలబడి ఉంటే కనపడేదో చూపించండి. పదేళ్ల తర్వాత మన రాష్ట్రానికి ఆ ఇద్దరూ కావాలి.