పాత కారులో పెట్రోలు పంపు చప్పుడు

ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక 1964లో ప్రారంభించిన పాతకార్ల ర్యాలీ ప్రసిద్ధమైనది. అటువంటి ప్రదర్శనకు కారు మెరుపు ఒక్కటే చాలదు. పెట్రోలు పంపు చప్పుడునూ గమనించాలి.

మోరిస్ మైనర్‌లోని ఎస్.యు. విద్యుత్ పంపు టిక్‌టిక్‌మనడం సహజం. స్విచ్ వేయగానే కొంతసేపు కొట్టుకొని, కార్బ్యురేటర్ నిండగానే ఆగాలి. ఆగక వేగంగా కొట్టుకుంటే ట్యాంకు ఖాళీ అయి ఉండవచ్చు, లేదా పీల్చే గొట్టంలోకి గాలి చొరబడుతుండవచ్చు. ఇంజను నడవకున్నా ఆగి ఆగి కొట్టుకుంటే, నీడిల్ వాల్వు మూసుకోవడం లేదనో, పెట్రోలు కారుతున్నదనో అనుమానించాలి. అది అగ్నిప్రమాదానికి దారితీయగలదు.

ఇవన్నీ సరిచూసినా చప్పుడు మానకపోతేనే పంపు మార్చాలి. ముందుగా బ్యాటరీ తీగ విప్పాలి. ఈ కారు తయారైనప్పుడు బ్యాటరీ పాజిటివ్ తీగనే బాడీకి కలిపేవారు. కొత్త పంపు అందుకు తగినదై ఉండాలి. కారణం తెలియక మార్చిన పంపు వల్ల ఖర్చు తప్పదు, ప్రమాదమూ తొలగదు.