ముఖాముఖి

గుంటూరు, ప్రకాశం మైదానాలలో పని అంతా పంటను అనుసరించి సాగుతుంది. దీపావళి దాటితే జిన్నింగు మిల్లుల ఆవరణలో పత్తి గుట్టలుగా పేరుకొంటుంది. సంక్రాంతి తరువాత గుంటూరు మిర్చి యార్డు ఎరుపెక్కుతుంది. ఆ నాలుగైదు మాసాలు యజమానికి గాని, గుమాస్తాకు గాని, కూలికి గాని ఊపిరి సలపదు. తీరిక లేని చోట మాటలు ఆజ్ఞలుగా కుదించుకుపోతాయి. ‘ఎత్తు, దించు, త్వరగా కానీ’ అన్న మూడు మాటలతోనే దినమంతా గడచిపోతుంది.

ఇటువంటి చోట పై అధికారి ఒకరిని విడిగా పిలిచాడంటే ఏదో తప్పు దొరికిందనే అర్థం. కబురు అందగానే గుండె ఝల్లుమంటుంది. భయపడిన మనిషి ఉన్నమాట చెప్పడు. తనను కాపాడే మాట చెబుతాడు. ఈ భయానికి విరుగుడు చాలా చిన్నది. పక్షానికొకసారి, ముందుగా నిర్ణయించిన రోజున, అధికారి తన కింద పనిచేసే ప్రతి ఒక్కరితో కొంతసేపు విడిగా కూర్చొని మాట్లాడటమే అది. రోజు ముందే తెలుసు గనుక పిలుపులో శంకకు తావుండదు. అందరికీ వంతు వస్తుంది గనుక, లోపలికి వెళ్ళినవాడు చాడీలు చెప్పి వచ్చాడని తోటివారు అనుమానించరు.

ఒక జిన్నింగు మిల్లును ఊహించుకొందాం. తోలు రోలరు పత్తిని లాగుతుంటే, దానికి ఆనుకొని ఉన్న కత్తి దగ్గర గింజ విడిపోతుంది. ఏళ్ళ తరబడి ఆ యంత్రం ముందు నిలిచినవాడికి దాని చప్పుడే ఒక భాష. కత్తి ఒత్తిడి హెచ్చి రోలరు వేడెక్కుతున్నదని అతని చెవి ముందే పసిగడుతుంది. చుట్టూ దూది, ఒక్క నిప్పురవ్వ చాలు. అయినా, సరుకు ముంచుకొచ్చిన వేళ యంత్రాన్ని ఆపమని నలుగురిలో చెప్పే ధైర్యం అతనికి ఎక్కడిది? ఆగిన పనికి తానే కారకుడినని నింద పడుతుందేమోనన్న జంకు. మిరపకాయల తొడిమలు తీసే స్త్రీల సంగతీ ఇంతే. ఘాటుకు కళ్ళు మండుతున్నా, తూకంలో అనుమానమున్నా, గుంపులో పెద్ద గొంతుగలవారి మాటే వినిపిస్తుంది. తక్కినవారి మాట వినాలంటే ఎవరో ఒకరు వారి పక్కన కూర్చొని అడగాలి.

ఈ సత్యాన్ని అమెరికాలోని షికాగో సమీపాన గల హాథార్న్ కర్మాగారంలో సుమారు నూరేళ్ళ క్రితమే గమనించారు. 1928లో ప్రారంభించి 20 వేల మందికి పైగా ఉద్యోగులతో అక్కడ విడివిడిగా మాట్లాడారు. మొదట సిద్ధం చేసుకొన్న ప్రశ్నలు వేశారు. జవాబులు పొడిపొడిగా వచ్చాయి. ప్రశ్నలు మాని, వారికి తోచినదే చెప్పనిచ్చాక మనసులోని మాటలు బయటపడ్డాయి. తరువాత ఇంటెల్ సంస్థను నడిపిన ఆండ్రూ గ్రోవ్ 1983లో వెలువరించిన గ్రంథంలో, ఇటువంటి సమావేశం అధికారిది కాదని, కింది ఉద్యోగిదేనని స్పష్టం చేశాడు. ఏమి మాట్లాడాలో ఉద్యోగియే నిర్ణయించుకొని రావాలి. ఒకటిన్నర గంట వెచ్చిస్తే రెండు వారాల పని మెరుగుపడుతుందని అతని లెక్క. మన మిల్లులో అంత సమయం దొరకకపోవచ్చు; పావుగంట అయినా దొరకదా?

ఒక హెచ్చరిక మాత్రం అవసరం. కూలి రేట్లు, బోనసు వంటివి విడివిడిగా తేల్చుకొనే విషయాలు కావు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం, నూరు మంది లేక అంతకు మించి కార్మికులున్న సంస్థలలో ఉభయుల ప్రతినిధులతో కమిటీని ఏర్పరచమని ఆదేశించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. 2010లో వచ్చిన సవరణ, 20 మంది ఉన్నచోట కూడా ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలన్నది. పదిమంది కలసి అడగవలసినదాన్ని ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి చీల్చే యజమాని చేసేది ముఖాముఖి కాదు, కుయుక్తి.

విన్నదాన్ని అధికారి ఒక పుస్తకంలో రాసుకోవాలి. తరువాతి పక్షంలో మొదట దానినే ప్రస్తావించాలి. సరిచేయలేనిదైతే ఎందుకు చేయలేకపోయాడో చెప్పాలి. అడిగి మరచిపోవడం కంటే అడగకపోవడమే నయం. ఇక రద్దీ పెరిగినప్పుడు మొదట వాయిదా పడేది ఈ సమావేశమే. నిజానికి దాని అవసరం హెచ్చేదీ అప్పుడే.

మొదటి ఒకటి రెండు మార్లు ‘అంతా బాగానే ఉందండీ’ అన్న జవాబే వస్తుంది. దానితో నిరాశపడరాదు. మూడవసారి, సెలవు తీసుకొని గడప దాకా వెళ్ళినవాడు ఆగి, ‘ఆ రెండో మిషను సంగతి ఒక్క మాటండీ’ అనవచ్చు. అప్పుడు ఎదురుగా ఉన్న కాగితాలు పక్కన పెట్టి, అతణ్ణి మళ్ళీ కూర్చోమనాలి.