సర్వర్ డౌన్ కానప్పుడు కూడా

నల్లగొండ, పాలమూరు మీసేవ కేంద్రాల్లో తరచూ వినబడే మాట "సర్వర్ డౌన్". ఇంటర్ ఫలితాలు వచ్చాక కాసేపు, డిగ్రీ ప్రవేశాల పోర్టల్ దోస్త్‌లో సీట్లు కేటాయించే రోజు అది నిజమే కావచ్చు. 2016 నుంచి పాలమూరు విశ్వవిద్యాలయం, నల్లగొండ మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం పరిధిలోని చాలా కాలేజీల్లో డిగ్రీ సీటు కావాలంటే దోస్త్‌లోనే దరఖాస్తు చేయాలి. రాష్ట్రమంతా ఒకేసారి మీద పడితే మన బ్రౌజర్‌లో ఏ పనిముట్టు పెట్టుకున్నా లాభం లేదు.

మిగతా రోజుల సంగతి వేరు. ఏదైనా వార్తల సైట్ తెరవండి. చదవాల్సింది నాలుగు పేరాలు. వాటి వెంట ప్రకటనలు, అడగకుండానే మొదలయ్యే వీడియో, మనం ఎక్కడెక్కడ తిరిగామో రాసుకునే ట్రాకర్లు. పెళ్లికొడుకు ఒక్కడే, బారాత్ మాత్రం ఊరంత! వీటిలో చాలావరకు వేర్వేరు సర్వర్ల నుంచి వస్తాయి. ప్రతిదాని అడ్రసు వెతకాలి, కనెక్షన్ కలపాలి, వచ్చిన కోడ్‌ను ఫోనే నడపాలి. 5జీ గుర్తు కనబడుతున్నా పాత ఫోన్‌లో పేజీ పాకేది అందుకే.

రేమండ్ హిల్ తయారుచేసిన యూబ్లాక్ ఆరిజిన్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ ఇక్కడే పనికొస్తుంది. ఉచితం. ప్రకటనల, ట్రాకర్ల అడ్రసుల జాబితా దాని దగ్గర ఉంటుంది. వాటికి వెళ్లే పిలుపును బయల్దేరకముందే ఆపేస్తుంది. క్రోమ్ నిబంధనలు మారాక అందులో లైట్ రూపమే మిగిలింది. ఫైర్‌ఫాక్స్‌లో పూర్తి రూపం ఉంది, ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా. పత్రికలు బతికేది ప్రకటనలతోనే కాబట్టి, నచ్చిన సైట్‌కు మినహాయింపు ఇవ్వడం న్యాయం.

సిగ్నల్ సరిగా అందని పల్లెల్లో ఒపెరా మినీ బ్రౌజర్ ఇప్పటికీ అక్కరకొస్తుంది. 2005 నాటి ఆలోచన అది: పేజీని ఒపెరా వాళ్లు తమ సర్వర్‌లోనే కుదించి పంపుతారు. అంటే పేజీ వాళ్ల చేతుల మీదుగా వస్తుంది, బ్యాంకు పని అందులో వద్దు. ఇక "స్పీడ్ బూస్టర్" యాప్‌లు చాలావరకు దండగ. అవి మూసిన యాప్‌లను ఫోన్ మళ్లీ తెరుచుకుంటుంది.

కంప్యూటర్ ముందు మన చేతులూ ఆలస్యం చేస్తాయి. పొడవాటి కాలేజీల జాబితాలో కంట్రోల్-ఎఫ్ కొడితే కావలసిన పేరు క్షణంలో దొరుకుతుంది. కంట్రోల్-షిఫ్ట్-టి పొరపాటున మూసిన ట్యాబ్‌ను తెచ్చిపెడుతుంది. ఆటోఫిల్ అన్నిటికన్నా ఎక్కువ సమయం మిగులుస్తుంది, కానీ అది సొంత కంప్యూటర్‌కే. పది మంది ఆధార్ నంబర్లు కొట్టే కౌంటర్‌లో దాన్ని ఆపేసి, ఇన్‌కాగ్నిటో విండోలో పని చేయాలి. ఆ విండో మూసినా డౌన్‌లోడ్ చేసిన కుల, ఆదాయ ధ్రువపత్రాలు అక్కడే ఉంటాయి. ప్రింట్ తీశాక ఫోల్డర్‌లోంచి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీసేయించాలి.