సగం జిల్లా తప్పిన ఏడాది

2022 జూన్ 6న పదో తరగతి ఫలితాలొచ్చాయి. రాష్ట్రం మొత్తం మీద 67.26 శాతం పాసైతే, ఉమ్మడి అనంతపురం జిల్లా 49.70 శాతంతో అట్టడుగున నిలిచింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అప్పటికి రెండు నెలల ముందే శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చేసినా, పరీక్షల లెక్క పాత జిల్లాలవారీగానే కట్టారు. రాసిన ఇద్దరిలో ఒకరు తప్పారన్నమాట. ఆ వారమంతా టీ అంగడి దగ్గర, బస్సులో, పెళ్లి పందిట్లో, ఎక్కడ కనబడినా నన్ను అడిగింది ఒకటే: "ఏం సార్, మన పిల్లోళ్లకి తెలివే లేదా?"

నేను లెక్కల అయ్యవారిని. ఈ మూడు ఊళ్ల చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్లలోనే నా సర్వీసంతా గడిచింది. అడిగినవాళ్లకు నేను అంకెలే చెప్పేవాణ్ణి. 2019లో రాష్ట్రంలో 94.88 శాతం పాస్. 2020, 2021ల్లో కరోనా వల్ల పరీక్షలే లేవు, అందరూ పాస్. 2022లో 67.26. ఇప్పుడు అడిగితే ఇంకో రెండు కలుపుతాను: 2024లో 86.69, 2025లో 81.14. పిల్లల తెలివి ఇన్ని కుప్పిగంతులు వేస్తుందా?

మారింది పరీక్ష, దాని చుట్టూ ఉన్న పరిస్థితులు. 2019 దాకా వందలో 20 మార్కులు బడివాళ్లే వేసుకునే ఇంటర్నల్స్. చాలాచోట్ల అవి పంతొమ్మిదో ఇరవయ్యో పడేవి, అంతకు తగ్గితే అమ్మానాన్నలు గేటు దగ్గర నిలబడేవారు. బిట్ పేపరు ఉండేది. హాల్లో బిట్లు ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి ఎట్లా ప్రయాణం చేస్తాయో ఇన్విజిలేషన్ చేసిన ప్రతి టీచరుకూ తెలుసు. తర్వాత ఈ రెండూ ఎత్తేశారు. ఇక 2022లో రాసిన పిల్లలెవరు? 2020 మార్చిలో బడులు మూతబడినప్పుడు ఎనిమిదో తరగతిలో ఉన్నవాళ్లు. తొమ్మిదో తరగతి సగం ఫోన్లో, సగం గాల్లో గడిచింది. ఇంట్లో ఒక్కటే ఫోనుంటే అది నాన్నతో పాటు బెంగళూరు కూలిపనికి పోయేది. అట్లాంటి పిల్లలకు సమాంతర రేఖలూ బహుపదులూ రాకపోవడం విడ్డూరం కాదు. 49.70 అనే అంకె అబద్ధమని నేననను. ఆ పిల్లలకు ఆ పాఠాలు అందలేదన్నది నిజమే. దాన్ని తెలివి ఖాతాలో రాయడం దగ్గరే నా పేచీ. జూలైలో సప్లిమెంటరీ పెడితే రాసినవాళ్లలో సగానికి పైగా గట్టెక్కారు. ఒక్క నెలలో తెలివి ఎక్కడినుంచి వచ్చింది?

ఇక స్పాట్ వాల్యుయేషన్ సంగతి. బయటివాళ్లు చూడని చోటు అది. వేసవి ఎండలో ఏదో హైస్కూలు గది, బల్లమీద కట్ట, పైన తిరిగీ తిరగని ఫ్యాను. రోజుకు నలభై దాకా పేపర్లు దిద్దాలి. పొద్దున దిద్దిన మొదటి పేపరుకూ సాయంత్రం దిద్దిన చివరి పేపరుకూ ఒకే ఓపిక ఉంటుందని ఎవరైనా అంటే, వాళ్లు ఎప్పుడూ స్పాట్‌కి రాలేదని అర్థం. లెక్కలైతే స్టెప్పు స్టెప్పుకూ మార్కుంటుంది కదా, తేడా రాదు అనుకుంటారు. అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు 1913లోనే ఆ నమ్మకాన్ని పరీక్షించారు. ఒకే జామెట్రీ జవాబు పత్రాన్ని వందమందికి పైగా టీచర్లకు పంపితే, ఒకరు ముప్ఫైలోపు వేశారు, ఇంకొకరు తొంభై దాటించారు. అంత దూరం పోనక్కర్లేదు. 2025లో మన రాష్ట్రంలో పదో తరగతి రీవెరిఫికేషన్‌కు వచ్చిన అరవై వేల పైచిలుకు పత్రాల్లో పదివేలకు పైగా మార్కులు మారాయి. 2019లో తెలంగాణ ఇంటర్‌లో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా పడింది. మళ్లీ చూస్తే 99.

ఇదంతా చెప్పి, పరీక్షలు తీసేయమంటానేమో అనుకోవద్దు. స్పాట్‌లో నాకు నచ్చింది కోడింగ్. పేపరు మీద పేరుండదు, ఊరుండదు, ఇంటిపేరుండదు. ఎవరి బిడ్డో తెలియకుండా దిద్దడం మన సమాజంలో చిన్న విషయం కాదు. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే పరిశోధకులు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు కాగితం మీద చిక్కుదారుల బొమ్మలిచ్చి దారి కనుక్కోమన్నారు. కులం ఊసెత్తనప్పుడు కింది కులాల పిల్లలు పైకులాల పిల్లలతో సమానంగానే చేశారు. అందరి ముందూ కులం చదివాక వాళ్ల ఫలితం పడిపోయింది. 2006లో అచ్చయిన ఆ పరిశోధన చదివాక, నా క్లాసులో స్కాలర్‌షిప్ జాబితాను గట్టిగా చదివే అలవాటుకు స్వస్తి చెప్పాను. అమెరికాలో ఎంఐటీ కూడా కరోనాలో శాట్ స్కోరు అడగడం మానేసి, 2022లో మళ్లీ పెట్టింది. మంచి బడి దొరకని పిల్లల్లో చదవగలిగేవాళ్లను కనిపెట్టడానికి ఆ స్కోరే పనికొస్తోందని చెప్పింది.

అసలు పేపరు దేన్ని కొలుస్తుంది? హిందూపురంలో నీళ్ల కరువు చూసి పెరిగిన పిల్లలకు నేనొక లెక్క ఇచ్చేవాణ్ణి. డ్రమ్ము అడ్డకొలత 56 సెంటీమీటర్లు, ఎత్తు 80. బిందెకు 16 లీటర్లు. ఎన్ని బిందెలు పడతాయి? సూత్రం కంఠతా వచ్చినవాళ్లు 22/7 వేసి, కొట్టివేతలు చేసి, 12.32 బిందెలని రాసి కింద రెండు గీతలు గీసేవారు. వెనక బెంచీ పిల్లోడొకడు పెన్ను తీయకుండానే, "పన్నెండు సార్, పదమూడోది పోస్తే కింద పోతాది" అన్నాడు. వాడు రోజూ మోసేవాడు మరి. వాడి జవాబుకు స్టెప్పులు లేవు, బోర్డు పరీక్షలో వాడికి పూర్తి మార్కులు రావు.

ధర్మవరంలోనూ అంతే. కండెలు చుడుతూ కూర్చున్న ఏడో తరగతి పాప, ఈ పడుగుకు జరీ ఎంత, చీరకు కూలి ఎంత, షావుకారి బాకీ పోగా చేతికి ఎంత వస్తుందో నోటితో చెప్పేస్తుంది. అదే లెక్క లాభనష్టాల పాఠంలో వస్తే పలక ఖాళీ. ఇది నా భ్రమేమో అనుకునేవాణ్ణి. 2025లో నేచర్ పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం కలకత్తా, ఢిల్లీ అంగళ్లలో పనిచేసే పిల్లల మీద చేసిన అధ్యయనం వచ్చింది. అంగట్లో చిక్కు లెక్కలు టకటకా చేసేవాళ్లు బడి లెక్కల దగ్గర ఆగిపోయారు. బడి పిల్లలేమో అంగడి లెక్కల దగ్గర తడబడ్డారు. రెండో సగం నాకు ముఖ్యం. మగ్గం కాడ లెక్క వచ్చింది కాబట్టి ఆ పాపకు బీజగణితం అక్కర్లేదని మురిసిపోయే పెద్దలంటే నాకు ఒళ్లు మంట. ఆ పాప పాలిటెక్నిక్‌కు పోవాలంటే రెండూ కావాలి. ఆ రెంటినీ కలపాల్సింది బడి, కలపనిది కూడా బడే.

పేపరు బాగా తయారుచేస్తే బట్టీకీ అర్థమవడానికీ ఉన్న తేడా పట్టుకోవచ్చు కూడా. 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ 500 ప్రభుత్వ బడుల్లో నడిపిన ప్రయోగంలో, పాఠ్యపుస్తకంలో మాదిరిగా ఉండే ప్రశ్నలనూ, అర్థమైతే తప్ప చేయలేని ప్రశ్నలనూ వేరువేరుగా లెక్కించారు. పిల్లల మార్కులను బట్టి టీచర్లకు బోనస్ ఇచ్చిన బడుల్లో రెండు రకాలూ మెరుగుపడ్డాయి. మా పేపర్లలో రెండో రకం వస్తే మర్నాడు "సిలబస్‌లో లేనిది ఇచ్చారు" అని ధర్నా! ఇక ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ సంగతి: 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ఒక్కోదానికి 67.5 సెకన్లు. తప్పుకు మైనస్ లేదు కాబట్టి చివరి ఐదు నిమిషాలూ లాటరీ.

మా జిల్లా పిల్లల గురించి ఇంకో లెక్క ఉంది. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి మన తెలుగునాట దాదాపు 3,000 మంది పిల్లలను అనుసరిస్తూ వచ్చింది. అందులో అనంతపురం జిల్లా కూడా ఉంది. ఇథియోపియా, పెరూ, వియత్నాంలలోనూ అవే పరీక్షలు పెట్టారు. పరిశోధకుడు అభిజీత్ సింగ్ ఆ వివరాలను విడదీసి చూస్తే, బడిలో చేరాక దేశాల మధ్య తేడా బాగా పెరిగింది. ఒక ఏడాది చదువు వియత్నాం పిల్లలకు ఇచ్చినంత మన పిల్లలకు ఇవ్వలేదు. టీ అంగడి దగ్గర అడిగిన ప్రశ్నకు నా దగ్గరున్న గట్టి జవాబు ఇదే. స్కోరు చదవాల్సింది ముందు బడి గురించి, ఆ తర్వాతే పిల్లోడి గురించి.

ఈ సంగతిని అధికారికంగా ఒప్పుకున్న సంస్థ మన దగ్గర ఒకటుంది. 2008లో పుట్టిన ఆర్‌జీయూకేటీ, మనం ట్రిపుల్ ఐటీ అని పిలిచేది. పదో తరగతి మార్కులతోనే సీటు ఇస్తుంది, కానీ హాస్టలు లేని ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు నాలుగు శాతం కలుపుతుంది. ఒకే మార్కు రెండు చోట్ల ఒకే శ్రమతో రాలేదని దాని అర్థం. దాని ఇడుపులపాయ క్యాంపస్‌కు మా బడి నుంచి పోయిన పిల్లలు ఆ నాలుగుతోనే గట్టెక్కారు. నన్నడిగితే అది మోటు లెక్కే. రొళ్ల దగ్గర పల్లెలో ఇంట్లో కన్నడం మాట్లాడుతూ పెరిగి తెలుగులో పరీక్ష రాసే పిల్లకూ, హిందూపురం నడిబొడ్డున రెండు ట్యూషన్లకు పోతూ ప్రభుత్వ బడి రిజిస్టరులో పేరున్న పిల్లోడికీ అదే నాలుగు. ఆ ఇద్దరినీ వేరుచేసి చూసే పని ఇంకా ఎవరూ మొదలుపెట్టలేదు.